“అది తప్పు” అనే మాటను విప్పి చూడడం ఎలా

తెలుగులో “తప్పు” అనే మాట చాలా పనులు చేస్తుంది. పదమూడు ఎనిమిదులు నూటరెండు అని పిల్లవాడు రాస్తే అది తప్పు. తొక్కుడుబిళ్ళ ఆడుతూ గీత తొక్కితే అది తప్పు. తీసుకున్న అప్పు ఎగ్గొడితే అదీ తప్పే. మొదటిది లెక్క తప్పు. ఊరంతా ఏకమై ఒప్పుకున్నా నూటరెండు కాస్తా నూటనాలుగు కాదు. రెండవది ఆట తప్పు. ఆడేవాళ్ళంతా కలిసి “ఇకనుంచి గీత తొక్కవచ్చు” అనుకుంటే ఆ క్షణం నుంచి అది తప్పు కాకుండా పోతుంది. అప్పు ఎగ్గొట్టడం ఈ రెండింటిలో దేనికి దగ్గర? లేక రెండూ కాక, కాకరకాయ కూర నోట పెట్టుకుని ముఖం చిట్లించినట్టుగా, “తప్పు” అనడం మన అయిష్టాన్ని పైకి చూపించడమేనా? నైతిక వాస్తవవాదం (మన ఒప్పుకోలుతో నిమిత్తం లేని నైతిక సత్యాలు ఉన్నాయనడం), వాస్తవవాద వ్యతిరేకత (లేవనడం) అనే పేర్లతో నీతిశాస్త్రంలో సాగే చర్చ ఈ ప్రశ్న చుట్టూ తిరుగుతుంది.

కొత్తగా చదివేవారు సాధారణంగా నేరుగా ఈ ప్రశ్న మీదికే దూకుతారు, దూకి అక్కడే చిక్కుకుంటారు. అంతకంటే ముందు చేయవలసిన పనులు కొన్ని ఉన్నాయి. వాటిని వరుసగా చేసుకుంటూ వస్తే, సగం వివాదాలలో చివరి ప్రశ్న వరకు వెళ్ళవలసిన అవసరమే రాదు. ఇందుకు ఒక కాగితం, ఒక పెన్సిలు, కొంచెం ఓపిక కావాలి. అన్నిటికంటే ముఖ్యంగా, ఒక నిజమైన వివాదం కావాలి, ఎందుకంటే ఊహించుకున్న ఉదాహరణలు మనకు అనుకూలంగానే ప్రవర్తిస్తాయి. ఇక్కడ నేను వితంతు పునర్వివాహ వివాదాన్ని తీసుకుంటున్నాను. హిందూ వితంతువుల పునర్వివాహాన్ని చట్టం 1856లోనే అనుమతించింది. కందుకూరి వీరేశలింగం పంతులు రాజమహేంద్రవరంలో తొలి వితంతు వివాహం జరిపించినది 1881 డిసెంబరు 11న. ఈ రెండు తేదీల మధ్య ఉన్న పాతికేళ్ళలోనే మనకు కావలసిన పాఠం చాలావరకు ఉంది.

వాక్యాన్ని కాగితం మీద పెట్టడం

వివాదానికి మూలమైన మాటను ఒకే ఒక్క పూర్తి వాక్యంగా, ఎవరు ఎవరి విషయంలో ఏం చేయడం గురించి అంటున్నారో తెలిసేటట్టు రాసుకోవాలి. “భర్త చనిపోయిన స్త్రీకి మళ్ళీ పెళ్ళి చేయకూడదు.” ఇది తేలికగా కనిపించే పనే గాని, తెలుగులో నియమాలు తరచుగా మారువేషంలో తిరుగుతాయి కనుక జాగ్రత్త అవసరం. చేయకూడదు, చేయరాదు, చేయాలి, తగదు వంటి రూపాలకు వేషం లేదు. అవి నియమాలని చూడగానే తెలుస్తుంది. “మా ఇళ్ళల్లో అలా చెయ్యరు” అనే వాక్యం అటువంటిది కాదు. వ్యాకరణం ప్రకారం అది ఒక వార్త. “మా ఊళ్ళో జొన్న వెయ్యరు” అన్న వాక్యానికీ దానికీ నిర్మాణంలో ఏ తేడా లేదు.

తేడా ఎక్కడుందో కనిపెట్టడానికి ఒక చిన్న పరీక్ష ఉంది. ఎదురు ఉదాహరణ దొరికినప్పుడు ఏం జరుగుతుందో చూడండి. ఊళ్ళో ఒక రైతు జొన్న వేశాడని తెలిస్తే, ఆ మాట అన్నవారు తమ వాక్యాన్ని దిద్దుకుంటారు: “ఔనా, అయితే ఈ మధ్య వేస్తున్నారన్నమాట.” ఇంట్లో అమ్మాయి అలా చేసిందని తెలిస్తే మాత్రం వాక్యాన్ని ఎవరూ దిద్దరు, అమ్మాయిని దిద్దుతారు. లోకానికి సరిపోకపోతే వాక్యం మారవలసి వస్తే అది వర్ణన, వాక్యానికి సరిపోకపోతే లోకం మారవలసి వస్తే అది నియమం. ఎలిజబెత్ ఆన్స్‌కోమ్ అనే బ్రిటిష్ తత్వవేత్త 1957లో ఇదే తేడాను కిరాణా చీటీ ఉదాహరణతో చూపించింది. చీటీ పట్టుకుని సరుకులు కొనేవాడి సంచిలో చీటీలో లేనిది కనిపిస్తే తప్పు సంచిది. అతని వెనకాలే నడుస్తూ కొన్నవాటిని రాసుకునే డిటెక్టివు జాబితా సంచికి సరిపోకపోతే తప్పు జాబితాది.

కాబట్టి “చెయ్యరు”, “ఉండరు”, “పెద్దవాళ్ళు మాట్లాడుతుంటే పిల్లలు మధ్యలో మాట్లాడరు” వంటి వాక్యాలు ఎదురైతే, ముందు వాటి వేషం తీసి “కూడదు” రూపంలో రాసుకోవాలి. అలా రాయగానే వాటిని “ఎందుకు?” అని అడిగే వీలు కలుగుతుంది. వార్తగా ఉన్నంతసేపు ఆ వీలు లేదు. అందుకే కాబోలు, ఇళ్ళల్లో ఆ రూపానికి అంత చలామణి.

నియమం ఏ జాతిదో గుర్తించడం

నియమాలన్నీ ఒక జాతివి కావు. చట్టం ఒకటి, ఆచారం ఒకటి, మర్యాద ఒకటి, ఆటలో ఒప్పందం ఒకటి, “ఆరోగ్యం కావాలంటే నడవాలి” వంటి హితవు ఒకటి, నీతి ఒకటి. వేద విధులకు అర్థం చెప్పే మన మీమాంసకులకు ఈ విభజన పాత సంగతే. “స్వర్గం కోరేవాడు యజ్ఞం చేయాలి” అన్నది కామ్యం; స్వర్గం అక్కర్లేనివాడిని ఆ విధి పట్టుకోదు. నిత్యకర్మ అలా కాదు. కోరిక ఉన్నా లేకపోయినా చేయవలసిందే. జర్మన్ తత్వవేత్త కాంట్ 1785లో షరతు ఉన్న ఆజ్ఞలనీ షరతు లేని ఆజ్ఞలనీ చేసిన విభజన దీనికి దగ్గరగా ఉంటుంది. అయితే మీమాంసకుడికి విధి వేదం నుంచి వస్తుంది, కాంట్‌కు మనిషి బుద్ధి నుంచి వస్తుంది. ఈ తేడాను చిన్నదిగా చూడకూడదు.

నీతి నియమాన్ని మిగిలినవాటి నుంచి వేరు చేయడానికి ఇలియట్ ట్యూరియల్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త 1970ల నుంచి పిల్లల మీద వాడిన ఒక ప్రశ్న బాగా పనికొస్తుంది: అధికారం ఉన్నవారు అనుమతిస్తే ఆ తప్పు తప్పు కాకుండా పోతుందా? ఒకసారి ఆరేళ్ళ మా మేనకోడలు వీధిలోంచి చెప్పులతో నేరుగా హాల్లోకి వచ్చి, వాళ్ళమ్మ చేత చీవాట్లు తిని, గుమ్మం దగ్గర కూర్చుని చెప్పులు విప్పుకుంటోంది. పక్కన కూర్చుని అడిగాను: “ఇవాళ్టి నుంచి చెప్పులతో రావచ్చు అని అమ్మ చెప్తే?” “అప్పుడు రావచ్చు మామయ్యా.” “మరి తమ్ముణ్ణి గిల్లవచ్చు అని అమ్మ చెప్తే?” చెప్పు చేతిలో పట్టుకుని కాసేపు ఆలోచించి, “అమ్మ అలా చెప్పకూడదు” అంది. మొదటి నియమాన్ని పుట్టించినది అమ్మే కాబట్టి అమ్మే రద్దు చేయగలదు. రెండవ నియమానికి అమ్మ కూడా లోబడవలసిందే. ఎవరూ పాఠం చెప్పకుండానే ఆ పిల్ల నియమాలను రెండు జాతులుగా విడగొట్టేసింది.

ఇప్పుడు ఇదే ప్రశ్నను మన కాగితం మీది వాక్యానికి వేయండి. 1856లో చట్టం అనుమతి ఇచ్చింది, అంటే చట్టమనే నియమం తొలగిపోయింది. అయినా వివాహాలు జరగలేదు, ఎందుకంటే అడ్డుగా నిలిచినది చట్టం కాదు, కట్టుబాటు. కట్టుబాటు ఎలా నిలబడుతుందో క్రిస్టీనా బిక్కియెరి అనే తత్వవేత్త 2006లో స్పష్టంగా విడదీసి చెప్పింది: చుట్టూ ఉన్నవారు అలాగే నడుచుకుంటున్నారన్న నమ్మకం ఒకటి, నేను కూడా అలాగే నడుచుకోవాలని వారు ఆశిస్తున్నారన్న నమ్మకం మరొకటి, ఈ రెండూ ఉన్నంతకాలం, మనసులో ఇష్టం లేనివాడు కూడా దానికి తలవంచుతాడు. వెలి భయం ఈ రెండవ నమ్మకానికి కోరలు తగిలిస్తుంది. రాజమహేంద్రవరంలో ఆ పెళ్ళిని నడిపించినవారు వెలిని ఎదుర్కొన్నారు. ఏకాంతంలో “పాపం, చిన్నపిల్ల, చేస్తే మంచిదే” అనుకున్న తండ్రి నలుగురిలో మౌనంగా ఉండిపోవడానికి కారణం అతని నీతిలో వెతికితే దొరకదు, అతని లెక్కలో దొరుకుతుంది.

ఇక్కడ ఒక చిక్కు ఉంది, దాన్ని దాటవేయకూడదు. ట్యూరియల్ విభజన అన్ని చోట్లా ఇంత సాఫీగా పనిచేయదని రిచర్డ్ ష్వేడర్, అతని సహచరులు 1987లో చూపించారు. వారు షికాగోలోని వారినీ ఒడిశాలోని భువనేశ్వర్‌లోని వారినీ ఒకే రకమైన ప్రశ్నలు అడిగారు. అందులో ఒకటి, వితంతువు వారానికి రెండు మూడుసార్లు చేప తింటే అది తప్పా అన్నది. షికాగో వారికి అందులో తప్పేమీ తోచలేదు. భువనేశ్వర్‌లో చాలామంది దానిని ఆచార భంగంగా కాక, ఎక్కడ జరిగినా ఎప్పుడు జరిగినా తప్పే అన్నట్టుగా, తీవ్రమైన నైతిక దోషంగా చెప్పారు. అంటే ఒక చోట మర్యాదగా కనిపించే నియమం మరో చోట నీతిగా జీవిస్తుంది. దీనికి ట్యూరియల్ పక్షం వారు ఇచ్చిన సమాధానమే మనల్ని తర్వాతి మెట్టుకు తీసుకుపోతుంది.

ఉన్నదానినీ ఉండవలసినదానినీ వేరు చేయడం

వారి సమాధానం ఇది: వితంతువు చేప తింటే చనిపోయిన భర్త ఆత్మకు బాధ కలుగుతుందని నమ్మేవాడికి అది మరొకరికి హాని చేయడమే. “ఇతరులకు హాని చేయకూడదు” అన్న నియమం షికాగోలోనూ ఉంది, భువనేశ్వర్‌లోనూ ఉంది. తేడా ఉన్నది మరణం తర్వాత ఏం జరుగుతుందన్న నమ్మకంలో. ఈ సమాధానం పూర్తిగా సరిపోతుందని నేను అనుకోను, ఎందుకంటే శుచి, గౌరవం వంటివాటిని ప్రతిసారీ హాని కిందికి మార్చి చెప్పడం కొంత బలవంతంగా ఉంటుంది. అయినా అందులోని పద్ధతి మాత్రం విలువైనది: విభేదం నియమంలో ఉందా, వాస్తవాల గురించిన నమ్మకంలో ఉందా అని విడదీసి చూడడం.

స్కాట్లండ్ తత్వవేత్త డేవిడ్ హ్యూమ్ 1739-40లో ఒక సంగతి గమనించి రాశాడు. నీతి గురించి రాసేవారు “ఇలా ఉంది, ఇలా లేదు” అని చెప్పుకుంటూ వచ్చి, ఉన్నట్టుండి “ఇలా ఉండాలి, ఇలా ఉండకూడదు” అనే మాటల్లోకి జారుకుంటారు. ఆ జారుడు ఎలా సాధ్యమైందో మాత్రం చెప్పరు. కాగితం మీద దీన్ని పట్టుకోవడానికి రెండు వరుసలు గీయండి. ఎడమ పక్క వాస్తవాలు, కుడి పక్క నియమాలు. ఎడమ వరుసలోవి ఎన్ని పోగు చేసినా, కుడి పక్క కనీసం ఒక్కటి లేనిదే ముగింపు రాదు.

1880ల వాదాన్ని ఇలా పరచి చూస్తే ఆశ్చర్యకరమైన సంగతి ఒకటి బయటపడుతుంది. పునర్వివాహాన్ని సమర్థించినవారు పరాశర స్మృతిలోని శ్లోకాన్ని చూపించారు. బెంగాలులో ఈశ్వరచంద్ర విద్యాసాగర్ అప్పటికే దాన్ని ఆధారం చేసుకుని వాదించి ఉన్నాడు:

నష్టే మృతే ప్రవ్రజితే క్లీబే చ పతితే పతౌ
పంచస్వాపత్సు నారీణాం పతిరన్యో విధీయతే

భర్త కనబడకుండా పోయినా, చనిపోయినా, సన్యసించినా, నపుంసకుడైనా, పతితుడైనా, ఈ అయిదు ఆపదలలో స్త్రీకి వేరొక భర్త విధించబడినాడని దీని తాత్పర్యం. కాదన్నవారు ఆ శ్లోకం మరో యుగానికి వర్తిస్తుందన్నారు. ఔనన్నవారు పరాశర స్మృతి కలియుగానికే చెప్పినదని గుర్తు చేశారు. ఇంత ఘాటుగా సాగిన ఈ వాదంలో రెండు పక్షాల కుడి వరుసలోనూ ఉన్న నియమం ఒక్కటే: “శాస్త్రం చెప్పినట్టు చేయాలి.” కొట్లాట అంతా ఎడమ వరుసలో, శాస్త్రం ఏం చెబుతోంది అన్నదాని మీద. దాన్ని నైతిక విభేదం అనడం కంటే పాఠ వివాదం అనడం న్యాయం.

వీరేశలింగం చేతిలో మరో వాదం కూడా ఉంది: పసితనంలోనే భర్త పోయి, బతుకంతా ఆంక్షల మధ్య గడిపే ఆడపిల్లల దుఃఖం. దీని కుడి వరుస వేరు: “తీర్చగలిగిన దుఃఖాన్ని తీర్చకుండా ఉంచడం తప్పు.” ఒకే మనిషి రెండు వాదాలు చేస్తున్నప్పుడు వాటిలో బరువు మోస్తున్నది ఏదో తెలుసుకోవడానికి ఇలా అడగాలి: రేపు ఒక తిరుగులేని తాళపత్రం దొరికి, శాస్త్రం దీన్ని నిషేధించిందని తేలితే, మీరు మనసు మార్చుకుంటారా? మార్చుకోను అంటే శాస్త్రం అతని కారణం కాదు, అతని ఆయుధం. మార్చుకుంటాను అంటే శాస్త్రమే కారణం. ప్లేటో రాసిన ఒక సంభాషణలో సోక్రటీస్ యూథిఫ్రోను అడిగిన ప్రశ్నకు మూలం ఇక్కడే ఉంది: దేవతలు మెచ్చారు కాబట్టి అది మంచిదయిందా, మంచిది కాబట్టి దేవతలు మెచ్చారా? దేవతల స్థానంలో శాస్త్రాన్ని పెట్టినా, చట్టాన్ని పెట్టినా, నలుగురి మాటను పెట్టినా ప్రశ్న పదును తగ్గదు.

ఈ మెట్టు దగ్గరే చాలా వివాదాలు ముగిసిపోతాయి, లేదా కనీసం ఎవరితో ఏ విషయంలో తగాదా పడుతున్నామో తెలిసిపోతుంది. ఎడమ వరుస అంతా ఒప్పుకున్నాక కూడా కుడి వరుసలో విభేదం మిగిలితే, అప్పుడు చివరి ప్రశ్నను పైకి తీయవచ్చు.

మూడు జల్లెడలు

ఇంతవరకు “ఏది తప్పు” అని అడిగాం. ఇకమీద “తప్పు కావడం అంటే ఏమిటి” అని అడుగుతాం. ఈ రెండవ అంతస్తుకు మెటాఎథిక్స్ అని పేరు. ఇక్కడ డజన్ల కొద్దీ వాదాలు ఉన్నాయి గాని, మూడు ప్రశ్నలను జల్లెడల్లాగా ఒకదాని కింద ఒకటి పెట్టుకుంటే ప్రతి వాదం ఎక్కడ ఆగుతుందో కనిపిస్తుంది.

మొదటి జల్లెడ: “అప్పు ఎగ్గొట్టడం తప్పు” అనే వాక్యం నిజమో అబద్ధమో కాగలిగిన రకమా? కాదన్నవారు ఇక్కడే ఆగుతారు. 1936లో ఏ. జె. అయర్, నైతిక వాక్యాలు దేనినీ వర్ణించవనీ, అవి “ఛీ”, “శభాష్” వంటి భావ ప్రకటనలనీ వాదించాడు. 1944లో సి. ఎల్. స్టీవెన్‌సన్ దానికి మరో పొర చేర్చి, అవి ఎదుటివాడి మనసును మన వైపు తిప్పే సాధనాలన్నాడు. 1952లో ఆర్. ఎం. హేర్ అవి ఆజ్ఞల వంటివన్నాడు. ఈ పక్షాన్ని పరీక్షించడానికి పీటర్ గీచ్ 1965లో చూపించిన దారి ఒకటి ఉంది, దానికి తెలుగులోని “అయితే” చాలు. “అప్పు ఎగ్గొట్టడం తప్పయితే, ఎగ్గొట్టినవాడికి జామీను ఉండి తప్పించుకోవడం కూడా తప్పే.” ఈ వాక్యం అన్నవాడు ఎగ్గొట్టడాన్ని ఇంకా ఛీకొట్టలేదు, తప్పయితే అన్నాడంతే. “తప్పు” స్థానంలో “ఛీ” పెట్టి చూడండి, వాక్యం కూలిపోతుంది. అయినా ఆ వాక్యంతో మనం తర్కం నడపగలుగుతున్నాం. 1980ల నుంచి సైమన్ బ్లాక్‌బర్న్ వంటివారు ఈ గండిని పూడ్చడానికి ఓపికగా పనిచేశారు. పూడిందా లేదా అన్నది ఇంకా తగాదాలోనే ఉంది.

రెండవ జల్లెడ: నిజం కాగల రకమే అయితే, అటువంటి వాక్యాలలో ఒక్కటైనా నిజమా? లేదన్నవాడు జె. ఎల్. మాకీ. ప్రతి మనిషినీ, అతనికి ఇష్టం ఉన్నా లేకపోయినా, “ఇలా చేయి” అని పట్టి లాగే గుణం లోకంలో ఉండడమే విడ్డూరమని అతను 1977లో వాదించాడు. బల్లకు బరువు ఉంటుంది, రంగు ఉంటుంది. చేయవలసినతనం ఎక్కడ ఉంటుంది? మనం లోకాన్ని గురించి మాట్లాడుతున్నామనే అనుకుంటూ మాట్లాడతాం, కాని అక్కడ ఏమీ లేదు. కాబట్టి నైతిక వాక్యాలన్నీ పొరపాట్లే అన్నది అతని ముగింపు. దీనికి వాస్తవవాదులు ఇచ్చే గట్టి సమాధానం ఏమిటంటే, “సాక్ష్యం ఉన్నదాన్ని నమ్మాలి” అన్నది కూడా ఇష్టాయిష్టాలతో నిమిత్తం లేకుండా పట్టి లాగే నియమమే. విడ్డూరమని నీతిని పారేస్తే, దాన్ని కూడా పారేయాలి. అప్పుడు మాకీ వాదాన్ని మనం ఎందుకు నమ్మాలి?

మూడవ జల్లెడ: కొన్ని నిజమే అయితే, ఆ నిజం మన ఆమోదం మీద ఆధారపడి ఉందా? ఉందన్నవాడు సాపేక్షవాది లేదా అతని బంధువు; తప్పు అంటే అతనికి ఆట తప్పు. లేదన్నవాడు వాస్తవవాది, తప్పు అంటే అతనికి లెక్క తప్పు. వాస్తవవాదులలోనూ రెండు శాఖలు ఉన్నాయి. తప్పుతనాన్ని హాని, బాధ వంటి లోకసహజమైన గుణాల నుంచే నిర్మించవచ్చని కొందరు, వీలుకాదని కొందరు అంటారు. జి. ఇ. మూర్ 1903లో రెండవ వైపు నిలబడి ఒక చిన్న కిటుకు చూపించాడు. “ఇది ఎక్కువమందికి సుఖాన్నిస్తుంది, నిజమే; అయినా ఇది మంచిదేనా?” అన్నది అర్థం ఉన్న ప్రశ్న. మంచి అంటేనే సుఖం అయితే ఆ ప్రశ్న “సుఖాన్నిచ్చేది సుఖాన్నిస్తుందా?” అన్నట్టు వట్టిపోవాలి కదా, పోవడం లేదు. అయితే నీరు, హెచ్ టూ ఓ ఒకటేనని తెలియని కాలంలో “ఇది నీరే; అయినా ఇది హెచ్ టూ ఓనా?” అన్న ప్రశ్న కూడా అలాగే అర్థవంతంగా ఉండేదని మూర్‌కు జవాబు చెప్పినవారు ఉన్నారు.

సాపేక్షవాదానికి జనంలో చాలా ఆదరణ ఉంది కాబట్టి దాని దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగాలి. దాని ప్రధాన బలం ఆచారాల వైవిధ్యం. హెరొడోటస్ చెప్పిన కథలో పర్షియా రాజు డేరియస్, తండ్రుల శవాలను దహనం చేసే గ్రీకులను పిలిచి, ఎంత ఇస్తే వాటిని తింటారని అడుగుతాడు, తినే ఆచారం ఉన్న కల్లాటియన్లను పిలిచి, ఎంత ఇస్తే కాలుస్తారని అడుగుతాడు, ఇద్దరూ హడలిపోతారు. కాని రెండు వరుసల కాగితం మీద పెడితే, చనిపోయిన తండ్రిని గౌరవించాలన్న నియమం ఇద్దరిదీ. గౌరవం ఏ రూపంలో ఉండాలన్నదే వేరు. వైవిధ్యం పైన ఎంత ఉందో, లోతున అంత ఉండకపోవచ్చు. దాని ప్రధాన బలహీనతను చూపేది సంస్కర్త. తప్పు అంటే సమాజం తప్పన్నది మాత్రమే అయితే, 1881 డిసెంబరులో రాజమహేంద్రవరం సమాజం తప్పన్న పనిని చేసిన వీరేశలింగం ఆ రోజున తప్పు చేసినట్టే. తర్వాత సమాజం మారాక అది ఒప్పయింది. అతను “మీరు పొరపాటు పడుతున్నారు” అని తన ఊరివారితో అన్నప్పుడు, సాపేక్షవాది లెక్కలో ఆ మాటకు అర్థమే ఉండకూడదు. కాని అతను ఏమంటున్నాడో మనకు తెలుసు, అతన్ని వెలివేసినవారికీ తెలుసు.

వాస్తవవాది మాత్రం సుఖంగా ఉన్నాడనుకోకూడదు. నూటనాలుగును సరిచూసుకోవడానికి లెక్కకు పద్ధతి ఉంది. నైతిక నిజాన్ని దేనితో చూస్తాం, ఏ ఇంద్రియంతో? మనుస్మృతి ధర్మానికి వేదం, స్మృతి, సదాచారం, ఆత్మతుష్టి అని నాలుగు ఆధారాలు చెప్పింది. నాలుగవదాన్ని చూడండి, మనసుకు సరి అనిపించడం. నేటి వాస్తవవాదులు చాలామంది చివరికి చేరేది కూడా పదును పెట్టిన ఆ అనిపించడం దగ్గరికే. 2020లో ఫిల్‌పేపర్స్ అనే తత్వశాస్త్ర వెబ్‌సైటు నిర్వహించిన సర్వేలో తత్వవేత్తలు 62 శాతం మంది వాస్తవవాదం వైపు, 26 శాతం మంది వ్యతిరేకత వైపు మొగ్గారు. ఓట్లతో తేలే విషయం కాదిది. కాని “చదువుకున్నవారెవరూ నైతిక సత్యాలను నమ్మరు” అని ఎవరైనా గట్టిగా అంటే ఈ అంకెలు చెప్పవచ్చు.

పాఠం చెప్పేచోట తరచూ కనిపించే పొరపాట్లు

ఒక విద్యార్థి జవాబు పత్రంలో ఇలా రాశాడు: “నీతి సమాజాన్ని బట్టి మారుతుంది కాబట్టి ఏ సమాజాన్నీ తప్పుపట్టకూడదు.” ఇటువంటి వాక్యం డిగ్రీ తరగతుల్లోనూ, పోటీ పరీక్షల తయారీలోనూ ఏటా చూస్తాం, అందుకే దీన్ని పెన్సిలుతో విప్పడం నేర్చుకోవాలి. “మారుతుంది” దగ్గర ఒక గీత గీయండి. మారుతుంది అన్నది వర్ణనా, నియమమా? సమాజాల నమ్మకాలు మారుతున్నాయంటే అది వర్ణన, ఎవరూ కాదనరు. ఏది నిజంగా తప్పో అదే మారుతుందంటే అది మూడవ జల్లెడలోని సిద్ధాంతం, దానికి వేరే వాదన కావాలి. ఇప్పుడు “కాబట్టి” కింద గీత గీయండి. హ్యూమ్ చూపించిన జారుడు సరిగ్గా ఈ మాట మీద జరిగింది. చివరగా “కూడదు” చుట్టూ సున్నా చుట్టండి. ఇది ఒక నియమం. ఇది అన్ని సమాజాలకూ వర్తిస్తుందా? వర్తిస్తే సమాజాన్ని బట్టి మారని నియమం ఒకటి ఉన్నట్టే. వర్తించకపోతే, పొరుగువారిని తప్పుపట్టడమే ఆచారంగా ఉన్న సమాజానికి ఇది చెప్పేదేమీ లేదు. సహనం మంచి గుణమే. అది సాపేక్షవాదం నుంచి పుట్టదు, అంతే.

రెండవ పొరపాటు, వాస్తవవాదమంటే మినహాయింపులు లేని కఠిన నియమాలని అనుకోవడం. కర్ణపర్వంలో కృష్ణుడు అర్జునుడికి కౌశికుడి కథ చెబుతాడు. ఎప్పుడూ నిజమే చెబుతానని వ్రతం పట్టిన ఆ తపస్వి, ప్రాణభయంతో అడవిలో దాక్కున్నవారి జాడను దొంగలకు ఉన్నదున్నట్టు చెప్పి, వారి చావుకు కారణమై, నరకానికి పోయాడు. కాంట్ 1797లో ఇటువంటి సందర్భంలోనే, ఇంటి గుమ్మంలో నిలబడి అడిగే హంతకుడికి కూడా అబద్ధం చెప్పరాదన్నాడు. కృష్ణుడికీ కాంట్‌కూ జవాబులో విభేదం ఉంది. కాని అక్కడ ఒక సరైన జవాబు ఉందన్న విషయంలో విభేదం లేదు. సందర్భాన్ని బట్టి జవాబు మారడం వేరు, అడిగినవాడి ఇష్టాన్ని బట్టి మారడం వేరు. మందు మోతాదు రోగి బరువును బట్టి మారుతుంది, అంతమాత్రాన వైద్యం అభిప్రాయం కాదు.

మూడవది, వాస్తవవాదాన్ని కాదనేవాడికి నీతి ఉండదని అనుకోవడం. దీనికి ఎక్కువ మాటలు అక్కర్లేదు. అయర్ గాని మాకీ గాని తమ సిద్ధాంతం వల్ల అప్పులు ఎగ్గొట్టవచ్చని చెప్పలేదు. మాకీ అయితే, నీతి కనిపెట్టవలసినది కాదు, మనమే తయారు చేసుకోవలసినది అన్నాడు.

ఇక కాగితం తీసుకుని మీరే ఒక వాక్యంతో సాధన చేయండి. పెద్ద పెద్ద సమస్యలతో మొదలుపెట్టవద్దు. ఉరిశిక్ష, గర్భస్రావం వంటివాటిలో ఎడమ వరుసే రెండు పేజీలు అవుతుంది. గుమ్మం దగ్గర చెప్పు చేతిలో పట్టుకుని మా మేనకోడలు అన్న “అమ్మ అలా చెప్పకూడదు” అనే మూడు మాటలు చాలు. అవి వర్ణనా, నియమమా? ఏ జాతి నియమం? గిల్లితే తమ్ముడికి నొప్పి పుడుతుందన్న వాస్తవం ఎడమ పక్క రాశాక, కుడి పక్క ఏం రాయాలి? తర్వాత మూడు జల్లెడల్లోనూ వేసి చూసి, ఏ జల్లెడ మీద ఆగిందో, అక్కడే ఆగడానికి మీ కారణమేమిటో ఒక్క వాక్యంలో కింద రాయండి. వారం తర్వాత అదే కాగితం మళ్ళీ తీసి, ఆ ఒక్క వాక్యాన్ని కొట్టేయాలనిపిస్తే కొట్టేసి, కొత్తది దాని పక్కనే రాయండి. పాతది కనబడేటట్టే కొట్టేయండి.